నరసింహ గారి నేరాంగీకారాలు

నరసింహ గారికి ఉన్న అలవాటు ఒక్కటే. తప్పు ఒప్పుకుంటారు. చేసినవి ఒప్పుకుంటారు, చేశారో లేదో గుర్తులేనివి ఒప్పుకుంటారు, ఎవరూ అడగకపోయినా ఒప్పుకుంటారు. కొందరికి పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది. ఈయనకు మధ్యాహ్నంలోపు ఏదో ఒక నేరం ఒప్పుకోకపోతే అన్నం సయించదు. మిషిగన్ రాష్ట్రం నోవైలో, కార్ల బ్రేకులు పరీక్షించే కంపెనీలో, ఆయన పక్క సీటులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. కాబట్టి ఇదంతా కళ్ళతో చూసి చెబుతున్న మాట.

ఒకసారి ఇద్దరం ఆఫీసు పని మీద ఆయన కారులో వెళ్తున్నాం. టెన్ మైల్ అనే రోడ్డు మీద పోలీసు ఆపాడు. ఆ అధికారి కిటికీ దగ్గరికి వచ్చి, "ఎందుకు ఆపానో తెలుసా?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్నకు తెలియదని చెప్పాలని అమెరికా వచ్చిన మొదటి వారంలోనే అందరూ నేర్పుతారు. నరసింహ గారు మాత్రం స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి మొదలుపెట్టారు.

"నలభై ఐదు మైళ్ళు దాటకూడని చోట యాభై రెండు వెళ్ళాను. అంతకు ముందు సిగ్నల్ దగ్గర యాభై నాలుగు. అది మీరు చూడలేదనుకుంటాను. పొద్దున స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగలేదు. చక్రాలు కొంచెం కదులుతూనే ఉన్నాయి."

పోలీసు ఆయన వంకా నా వంకా చూశాడు. "సార్, మీ వెనక లైటు ఒకటి వెలగట్లేదు. అది చెబుదామని ఆపాను" అన్నాడు. ఇంకాసేపు నిలబడితే పోయిన ఏడాదివి కూడా వినాల్సి వస్తుందనుకున్నాడో ఏమో, లైటు మార్పించుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంకోసారి ఉగాదికి మా కాలనీ వాళ్ళందరం తలా ఒక వంటకం చేసుకుని కమ్యూనిటీ హాల్లో కలిశాం. పులిహోర నోట్లో పెట్టుకున్న మొదటి మనిషి మంచినీళ్ళ కోసం పరిగెత్తాడు. రెండో మనిషి కూడా అదే దారి పట్టాడు. హాలు మొత్తం, ఎవరు తెచ్చారిది, అని చుట్టూ చూస్తుంటే నరసింహ గారు లేచి నిలబడ్డారు.

"ఉప్పు ఎక్కువైంది. తప్పు నాదే. చెయ్యి జారింది."

అందరూ నవ్వి ఊరుకున్నారు. ఆ రోజు ఆయన తెచ్చింది పేపర్ ప్లేట్లు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే కారు డిక్కీలోంచి వాటిని మోసుకొచ్చింది నేనే. ఈ మనిషికి ఇదొక జబ్బని అప్పుడే తీర్మానించాను.

ఆయన భార్య విజయశ్రీ గారి అభిప్రాయం కూడా ఇంచుమించు అదే.

"ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్క పోట్లాట కూడా సాంతం జరగలేదు మనీషా" అందావిడ ఒకసారి, పప్పులు ఆరబోస్తూ. "నేను నాలుగు పాయింట్లు రెడీ చేసుకుని హాల్లోకి వస్తానా, నోరు తెరిచేలోపే తప్పు నాదే అనేస్తారు. ఇంక నేనేం మాట్లాడాలి? పాయింట్లన్నీ వేస్ట్. ఇలాంటి మనిషితో ఎలా బతకాలమ్మా?"

ఈ జబ్బు ఆయనకు అంటింది స్కాట్లాండ్‌లో. ఆయన పుట్టింది చీరాల. అక్కడ వాళ్ళ పేటలో క్రికెట్ ఆడితే అవుటైనవాడు అవుటయ్యానని ఒప్పుకున్న చరిత్ర లేదు. ఒక ఎల్బీడబ్ల్యూ మీద రేగిన గొడవ రెండు కుటుంబాల మధ్య ఖాయమైన పెళ్ళి సంబంధం చెడేదాకా వెళ్ళిందని ఆయనే చెబుతారు. అలాంటి చోట పెరిగిన మనిషిని ఇరవై ఏళ్ళ కిందట ఒక కంపెనీ రెండేళ్ళ ప్రాజెక్టు మీద గ్లాస్గో పంపింది. అక్కడ ఇంటి ఓనరు ఒక ఆదివారం, ఆట చూద్దువు రమ్మని, ఐసు గచ్చు ఉన్న పెద్ద షెడ్డుకు తీసుకెళ్ళాడు. ఆ ఆట పేరు కర్లింగ్.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇరవై కిలోల బరువుండే గుండ్రటి నున్నటి రాయి, దానికి పైన మరచెంబు పిడి లాంటి పిడి. దాన్ని ఐసు మీద మెల్లగా తోసి వదిలితే నూటయాభై అడుగుల దూరం జారుకుంటూ వెళ్ళి అవతల గీసిన వలయాల మధ్యలో ఆగాలి. రాయి వెళ్తున్నంతసేపూ ఇద్దరు మనుషులు దాని ముందు చీపుర్ల లాంటి బ్రష్షులతో ఐసును రుద్దుతూ పరిగెడతారు. రుద్దితే రాయి ఇంకొంచెం దూరం పోతుంది. రుద్దేటప్పుడు బ్రష్షుగానీ బూటుగానీ రాయికి తగలకూడదు. అంతే ఆట. స్కాట్లాండ్ వాళ్ళు దీన్ని గడ్డకట్టిన చెరువుల మీద ఐదువందల ఏళ్ళుగా ఆడుతున్నారట.

నరసింహ గారు ఆ రోజు కాసేపు చూసి, "అంపైర్ ఎక్కడండీ?" అని ఓనర్ని అడిగారట.

"ఎందుకు?"

"ఎవరి కాలైనా రాయికి తగిలితే?"

"తగిలినవాడు చెబుతాడు."

"చెప్పకపోతే?"

ఓనరు ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసి, "తగిలిందిగా, ఎందుకు చెప్పడు?" అన్నాడట. చీరాల నుంచి వచ్చిన మనిషికి ఆ మాటతో ఒళ్ళు జలదరించింది. అప్పటి నుంచి ఆయన స్కాట్లాండ్ ఆటలన్నిటికీ భక్తుడైపోయారు.

అన్నీ అంటే నిజంగా అన్నీ. గోల్ఫ్ కూడా వాళ్ళదే కాబట్టి గోల్ఫ్ ఆడతారు. ఆడటం రాదు, కానీ లెక్క మాత్రం దాచరు. మా కంపెనీ వైస్ ప్రెసిడెంటుతో ఒకసారి ఆడుతూ, నాలుగు దెబ్బల్లో ముగియాల్సిన గుంతకు తనకు పదిహేడు పట్టాయని ప్రకటించారు. పాపం ఆ పెద్దాయన, "పది అనుకుందాం, పోనీ" అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. పైగా, "మీరు కొట్టేటప్పుడు నేను దగ్గాను. మీ బంతి పొదల్లోకి పోయింది నా వల్లే. మీరు మళ్ళీ కొట్టుకోండి" అన్నారు. వైస్ ప్రెసిడెంటు మళ్ళీ కొట్టాడు. బంతి మళ్ళీ అదే పొదల్లోకి పోయింది. ఈసారి ఎవరూ దగ్గలేదు.

వేసవిలో హైలాండ్ గేమ్స్ అని స్కాట్లాండ్ సంతతివాళ్ళు జరుపుకునే ఆటల పండగ ఒకటి జరుగుతుంది. బ్యాగ్‌పైపులు ఊదుతుంటారు, బరువైన ఇనుప గుళ్ళు గొలుసు పట్టుకుని విసురుతుంటారు. గళ్ళ పరికిణీ లాంటి కిల్టు కట్టుకుని నరసింహ గారు అందులోనూ దిగారు. "ఇరవై ఏళ్ళు లుంగీ కట్టినవాడికి ఇదేం లెక్కమ్మా" అన్నారు నాతో. ఆయన పేరిచ్చింది దూలం విసిరే పోటీకి. టెలిఫోన్ స్తంభమంత దూలాన్ని నిలువుగా ఎత్తి పట్టుకుని పరిగెత్తి ఎగరేస్తే, అది గాల్లో పల్టీ కొట్టి మనిషికి ఎదురుగా, గడియారంలో పన్నెండు గంటల ముల్లులా పడాలి. కొత్తవాళ్ళకు చిన్న దూలం ఇస్తారు. ఆయన ఆ చిన్నదాన్ని ఎత్తి నాలుగు అడుగులు వేశారు. దూలం ఏడడుగులు వేసింది. తర్వాత ఆయన ఒకవైపు, అది ఒకవైపు పడ్డారు. పరిగెత్తుకొచ్చిన జడ్జి దయగా, "రెండున్నర గంటలు అని వేసుకుంటాను" అన్నాడు. నేల మీద వెల్లకిలా పడి ఉన్న నరసింహ గారు వేలు పైకెత్తి, "ఆరు. నా వెనక్కే పడింది. నేను చూశాను" అన్నారు.

కర్లింగ్ మాత్రం ఏడాది పొడుగునా ఆయన ప్రాణం. మా ఊరికి కాస్త దూరంలో ఒక కర్లింగ్ క్లబ్బు ఉంది. జట్టుకు నలుగురు కావాలి. మొదట నన్ను పట్టుకున్నారు. తర్వాత మా ఆఫీసులోనే కొత్తగా చేరిన ఫణిని. ఫణిది వరంగల్, ఇరవై ఏడేళ్ళు, హెచ్‌వన్ వీసా. మెయిల్ పంపేముందు మూడుసార్లు చదివి, పంపాక ఆరుసార్లు చదివి, రాసింది తప్పేమో అక్కా అని నన్ను ఏడోసారి చదవమనేవాడు. మిషిగన్‌లో అది అతని మొదటి చలికాలం. ఆఫీసూ ఇల్లూ తప్ప మూడో చోటు తెలియదు.

నాలుగో మనిషి దొరక్క వెతుకుతుంటే, ఒక ఆదివారం విజయశ్రీ గారు భర్తను ఎగతాళి చేయడానికి క్లబ్బుకు వచ్చారు.

"ఇంట్లో చీపురు ఏ మూల ఉంటుందో తెలియని మనిషి" అంది ఆవిడ, ఐసు మీద వంగి రుద్దుకుంటూ పరిగెడుతున్న మొగుణ్ణి చూస్తూ. "ఇక్కడికొచ్చి పరాయివాళ్ళ గచ్చు తుడుస్తున్నాడు. ఏవండీ, ఆ ఎడమ పక్క వదిలేశారు. అక్కడ కూడా తుడవండి."

ఆ గొంతు షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఖంగుమని వినిపించింది. నరసింహ గారు ఎడమ పక్క రుద్దారు. రాయి సరిగ్గా వలయం మధ్యలో వెళ్ళి ఆగింది. క్లబ్బువాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే ఆవిడ మా జట్టుకు కెప్టెన్ అయిపోయారు. కెప్టెన్ పని వలయాల దగ్గర నిలబడి ఎప్పుడు రుద్దాలో, ఎప్పుడు ఆపాలో అరవడం. మొగుడు చేత చీపురు పట్టించే అవకాశం ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చినందుకు ఆవిడ ఆ పనిని ఎంతో శ్రద్ధగా చేశారు. పైగా ఆవిడ అరుపులు తెలుగులో ఉండటం వల్ల ఎదుటి జట్టుకు మా ఎత్తు అర్థమయ్యేది కాదు.

మా జట్టు బాగానే ఆడేది. మా శత్రువు మా జట్టులోనే ఉన్నాడు.

గెలిచే సమయంలో నరసింహ గారి చెయ్యి లేచేది. "నా బ్రష్ తగిలింది. తప్పు నాదే." అంతే, రాయిని అక్కడికక్కడే ఆపి తీసేయాలి. ఎదుటివాళ్ళు చూసి ఉండరు. మేమూ చూసి ఉండం. దేవుడు కూడా చూసి ఉండడని నా అనుమానం. ఆ సీజన్లో మేం ఓడినవి ఏడు ఆటలు. అందులో నాలుగు ఆయన నోటి వల్ల ఓడాం.

"కనీసం ఎవరైనా అడిగే దాకా ఆగొచ్చు కదండీ" అన్నాను ఒకసారి.

"ఈ ఆటలో ఎవరూ అడగరమ్మా. అందుకే ముందే చెప్పాలి" అన్నారు.

ఆఫీసులోనూ ఇదే తంతు. జనవరిలో ఒక బ్రేకు పరీక్ష ఫలితాల్లో ఉష్ణోగ్రత అంకెలు ఒక వరుసలో పడాల్సినవి ఇంకో వరుసలో పడ్డాయి. ఆ తప్పు కస్టమర్ కంట పడింది. పరీక్ష మొత్తం మళ్ళీ చేయాల్సి వచ్చింది, వారం రోజులు పోయింది. కాల్‌లో కస్టమర్ తరఫు మనిషి చాలా మర్యాదగా, చాలా చల్లగా, ఇది ఎవరు నమోదు చేశారో తెలుసుకోవచ్చా అని అడిగాడు. మా మేనేజర్ కేథీ నోరు విప్పేలోపే నరసింహ గారి గొంతు వినబడింది.

"తప్పు నాదే."

అవి పక్క డిపార్ట్‌మెంట్లో మనుషుల్ని తీసేస్తున్న రోజులు. ఈయన కంపెనీలో పాతవాడు, పైగా గ్రీన్ కార్డు ఉన్నవాడు. ఉద్యోగం జోలికి ఎవరూ వెళ్ళలేదు. కానీ ప్రాజెక్టు లీడ్ పదవి ఆయన నుంచి తీసి నాకిచ్చారు. నేను వద్దనలేదు. ఆయన తన ఫైళ్ళన్నీ నా టేబుల్ మీదికి తెచ్చి సర్దిపెట్టి, "మీటింగులు ఎక్కువమ్మా. మధ్యమధ్యలో మంచినీళ్ళు తాగుతూ ఉండు" అన్నారు. ఆ ముఖంలో బాధ ఏమైనా ఉందేమోనని వెతికాను. దొరకలేదు. ఇలాంటి మనిషి పైకి రావడం కష్టం అనుకుని, కొత్త పదవికి తగ్గట్టు మెయిల్ కింద నా సంతకం మార్చుకున్నాను.

మార్చి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం లీగ్ ఫైనల్. ఎలా చేరామో మాకే తెలియదు, చేరాం. ఎదుటి జట్టు కెప్టెన్ ఐలీన్ అనే ఆవిడ. డెబ్బై నాలుగేళ్ళు, రిటైరైన స్కూలు టీచరు, వాళ్ళ తాతలు స్కాట్లాండ్ నుంచి వచ్చారు. తెల్ల జుట్టు, గళ్ళ స్కార్ఫు, పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాణ్ణి వెనక నుంచే పట్టేసే చూపు.

ఆఖరి రౌండు. స్కోరు సమానం. ఆఖరి రాయి మాది. వలయంలో అప్పటికే ఉన్న వాళ్ళ రాయి కంటే అది మధ్యకు చేరితే కప్పు మాదే, లేకపోతే వాళ్ళది. రాయి వదలడానికి విజయశ్రీ గారు ఆ చివరకు వెళ్ళారు. రుద్దడానికి నరసింహ గారు, ఫణి. ఆవిడ స్థానంలో వలయాల దగ్గర నేను నిలబడ్డాను. నా పక్కన రెండడుగుల దూరంలో ఐలీన్.

రాయి వదిలారు. వదలగానే తెలిసింది, అది బంగారంలాంటి రాయి. విజయశ్రీ గారు దాని వెనకే వస్తూ, "రుద్దండి, రుద్దండి, ఫణీ నువ్వు కూడా రుద్దు నాయనా" అని అరుస్తున్నారు. ఇద్దరూ వంగి రుద్దుతూ వస్తున్నారు. నేను రాయి దారినే చూస్తున్నాను. ఇంక ఇరవై అడుగులుంటుంది. వలయాల ముందు ఒక గీత ఉంటుంది, అది దాటడానికి ఒక్క గజం ఉందనగా, నరసింహ గారు చటుక్కున బ్రష్షు అడ్డం పెట్టి రాయిని ఆపేశారు.

ఆయన నిటారుగా లేచి చెయ్యెత్తారు. "నా బ్రష్ తగిలింది. తప్పు నాదే."

కప్పు వాళ్ళకు వెళ్ళిపోయింది. నియమం ప్రకారం అందరం చేతులు కలిపాం. నరసింహ గారితో చేయి కలిపేటప్పుడు నేను ఆయన ముఖం చూడలేదు.

ఈ ఆటలో ఇంకో ఆచారం ఉంది. ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు తాగడానికి ఏదైనా ఇప్పించాలి. ఐలీన్ మా అందరికీ వేడి చాక్లెట్ చెప్పింది. నరసింహ గారు ఎదుటి జట్టుతో హాయిగా కబుర్లు చెబుతున్నారు. నేను మూలన కూర్చుని కప్పులోకి చూస్తున్నాను. ఐలీన్ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"రాయిని ఆపకముందు ఆయన బ్రష్షు దానికి అడుగు దూరంలో ఉంది" అంది మెల్లగా.

నేను తలెత్తాను.

"మీరు రాయిని చూశారు. నేను కాళ్ళను చూశాను. ముప్పై ఏళ్ళు పిల్లల కాళ్ళూ చేతులూ చూడటమే నా పని. తగిలింది ఆ అబ్బాయి బూటు. అతను ఆగిపోయాడు, తెల్లబోయాడు, నోరు రాలేదు. మీ పెద్దాయన రెండు లెక్కపెట్టేంతసేపు అతనికోసం ఆగాడు. తర్వాత తనే చెయ్యెత్తాడు."

"మరి మీరు చెప్పలేదేం?"

"రాయి తీశారు కదా. ఆటకు కావలసింది అంతే." కప్పులో ఒక గుక్క తాగింది. "పోయిన ఏడాది మా జట్టులో డొరతీ ఉండేది, ఎనభై ఒకటి. ఆమె కాలు జారి ఆగి ఉన్న రాయిని కదిపింది. ఎవరూ చూడలేదనుకుంది. ఆయన తన బ్రష్షే తగిలిందన్నాడు. మా ఇద్దరికీ తెలుసు. డొరతీకి మాత్రం చెప్పలేదు."

నేను బల్ల చుట్టూ చూశాను. ఫణి లేడు.

పార్కింగ్‌లో దొరికాడు. తన కారు అద్దం మీది మంచు గీకుతున్నాడు. అద్దం మీద మంచు లేదు. చాలాసేపటి కిందటే అయిపోయినట్టుంది.

"అక్కా" అన్నాడు నన్ను చూడకుండా. "అది నా షూ."

"తెలిసింది."

"నోరు రాలేదక్కా. చెప్పాలనే అనుకున్న. సార్ నా దిక్కు చూసిండు. అయినా నోరు రాలేదు."

"పోనీలే, ఆటే కదా."

అతను గీకడం ఆపాడు. "ఆఫీస్‌ల ఆ షీట్ కూడా నేనే ఎంటర్ చేసిన. కాలమ్ తప్పు పడ్డది నాతోనే. కాల్ అయినంక సార్ దగ్గరికి పోయి ఏడ్చిన. అప్పుడు నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉండె. సార్ ఏమన్నడో తెలుసా? నీ పేపర్లు వచ్చేదాకా ఇది నా దగ్గర ఉంచుకుంటా, వచ్చినంక నీది నువ్వు తీసుకుపో అన్నడు."

"పేపర్లు వచ్చాయా?"

"నెల అయింది" అన్నాడు ఫణి. "రోజూ కేథీ రూం దాకా పోతున్న. రోజూ మళ్ళొస్తున్న. రేపు కూడా చెప్పకపోతినంటే ఇంక ఎప్పటికీ చెప్పనేమోనని భయమైతుంది అక్కా."

లోపలికి వచ్చేసరికి నరసింహ గారు బ్రష్షులు తుడుస్తూ కనిపించారు. విజయశ్రీ గారు పక్కనే స్వెట్టర్ గుండీలు పెట్టుకుంటున్నారు.

"మీరు అబద్ధం చెప్పారు" అన్నాను.

"ఎప్పుడమ్మా?"

"ఇవాళ. జనవరిలో. ఇంకా ఎన్నిసార్లో నాకు తెలీదు."

ఆయన చేతిలోని బ్రష్షు పక్కన పెట్టారు. "రాయికి తగిలిందా లేదా?"

"తగిలింది."

"ఎవరో ఒకరు చెప్పాలా వద్దా?"

"చెప్పాలి."

"చెప్పాను." ఆయన గొంతు తగ్గించారు. "ఆ కుర్రాడికి ఇంకొంచెం టైం కావాలి. కొందరికి తప్పు చెయ్యడం కంటే చెప్పడం కష్టం. నాకు అలవాటైపోయింది, పెద్ద శ్రమ అనిపించదు. విజయకి మాత్రం చెప్పకు. అబద్ధమంటే దానికి పడదు."

"నేను ఇక్కడే ఉన్నాను" అన్నారు విజయశ్రీ గారు మూడడుగుల దూరం నుంచి. "ఆ ఉగాది పులిహోర మన కాలనీలో కొత్త పెళ్ళికూతురు భవిత చేసింది. అమెరికా వచ్చి అప్పటికి పదిరోజులు, మొదటిసారి వంట. నాకు ఆ రోజే తెలుసు. గిన్నె ఎవరిదో ఆడవాళ్ళకి తెలీదా? పదండి ఇంక, చలేస్తోంది."

ఆరేళ్ళుగా నిజాయితీ ఎక్కువైన మనిషి అని నేను జాలిపడుతూ వచ్చిన పెద్దమనిషి, మిషిగన్ రాష్ట్రంలోకెల్లా పెద్ద అబద్ధాలకోరని ఆ సాయంత్రం తేలింది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫణి నా సీటు దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "రాత్రి సార్‌కు కూడా చెప్పిన. నువ్వు రావద్దక్కా, నేనే చెప్త" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "సరే, రా" అన్నాడు.

కేథీ గదిలో రెండు కుర్చీలుంటాయి. ఒకదాంట్లో ఫణి కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. అతను రాత్రంతా బట్టీపట్టినట్టున్నాడు, ఇంగ్లీషులో గడగడా చెప్పేశాడు. జనవరి షీట్, తప్పు వరుస, అది తన పని, నరసింహ గారిది కాదు, క్షమించండి. చెప్పడం అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని శిక్ష కోసం చూశాడు.

కేథీ అతని వంక వింతగా చూసింది. "నరసింహ ఎనిమిదింటికి వచ్చాడు" అంది. "నువ్వు వస్తావని చెప్పాడు. వచ్చి ఆ తప్పు నీదేనని అంటావట. నువ్వు మంచివాడివట గానీ, పక్కవాళ్ళ తప్పులు నెత్తిన వేసుకునే జబ్బు ఉందట. నమ్మవద్దని మరీమరీ చెప్పి వెళ్ళాడు."

ఫణి నా వైపు తిరిగాడు.

"ఇరవై రెండేళ్ళుగా మేనేజర్‌గా ఉన్నాను" అంది కేథీ. "ఒక తప్పుకు ఒక్క మనిషి దొరకడమే గగనం. ఇదేంటి, ఇద్దరు పోటీ పడుతున్నారు." తన స్క్రీన్ మా వైపు తిప్పింది. "ఏ గడి ఎవరు ఎప్పుడు నింపారో షీట్ దానంతటదే రాసుకుంటుంది. జనవరి నుంచీ నాకు తెలుసు. ఆ రోజు కాల్‌లో కస్టమర్ ముందు ఆయన మాట కాదనలేకపోయాను. లీడ్ మార్చింది కూడా కస్టమర్ అడిగితేనే. ఇప్పుడు వాళ్ళు శాంతించారు కాబట్టి ఆ పదవి నరసింహకు వెనక్కి ఇచ్చేస్తాను. నీ సంగతంటావా, ఇంతకాలం వస్తావా రావా అని చూశాను. వచ్చావు. వెళ్ళి పనిచూసుకో."

ఫణి లేచి, సారీ అని ఇంకోసారి చెప్పి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. కేథీ నా వైపు తిరిగింది.

"నువ్వు అతనికి తోడుగా వచ్చావా?"

స్క్రీన్ ఇంకా మా వైపే ఉంది. నింపినవారు అన్న గడిలో ఫణి పేరు. దాని పక్కన, సరిచూసినవారు అని ఇంకో గడి. అందులో ఉన్న పేరు నాకు బాగా తెలుసు. జనవరిలో ఆ సాయంత్రం మంచు పడకముందే ఇల్లు చేరాలన్న తొందరలో, షీట్ తెరవకుండానే సరే అని కొట్టేసి వెళ్ళిపోయాను. తప్పు బయటపడ్డాక ఎవరైనా అడుగుతారేమో అని మూడు రోజులు చూశాను. నరసింహ గారు ఒప్పుకున్నాక ఇంక ఎవరూ అడగలేదు. ఆ షీట్ ఆయనా చూశారు. నా పేరూ చూశారు. చూసి, తన ఫైళ్ళు తెచ్చి నా టేబుల్ మీద సర్దారు.

నేను తలుపు మూసి రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"లేదు" అన్నాను. "నాదీ ఒకటి ఉంది."

చెప్పడానికి అర నిమిషం పట్టింది. రెండు నెలలు మోసింది ఇంతేనా అనిపించింది. కేథీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదలడం చూసి మొదట భయపడ్డాను. నవ్వుతోంది.

"బయట ఇంకెవరైనా ఉన్నారా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

మాట పూర్తికాకముందే తలుపు మీద చప్పుడైంది. నరసింహ గారు తల లోపలికి పెట్టి, మా ఇద్దర్నీ చూసి, కొంచెం సిగ్గుపడ్డారు.

"కేథీ, ఒక్క నిమిషం. పొద్దున ఎనిమిదింటికి మీకో అబద్ధం చెప్పాను. అప్పటి నుంచి పని మీద మనసు నిలవట్లేదు."

గదిలో కుర్చీలు అయిపోయాయి. ఆయన నిలబడే ఒప్పుకున్నారు.